కాఫీ గిన్నెలో డార్సీ సూత్రం

ఈ సంచికకు సైన్సు వ్యాసమొకటి కావాలని మా సంపాదకవర్గం అడిగినప్పుడు, ఎస్ప్రెసో కాఫీ గురించి రాస్తానన్నాను. "సైన్సు వ్యాసమోయ్, వంటల శీర్షిక కాదు" అన్నారు. కృష్ణబిలాల మీదా, కృత్రిమ మేధ మీదా రాసేవాళ్ళు ఏటా ఇద్దరు ముగ్గురు ఉండనే ఉంటారు. చదివినవాళ్ళెవరూ కృష్ణబిలాన్ని ఇంటికి తెచ్చుకొని పరీక్షించలేరు. కాఫీపొడి అట్లా కాదు. చారెడు పొడి, లోటాడు వేడినీళ్ళు, ఒక గడియారం ఉంటే చాలు, సూక్ష్మరంధ్రాల గుండా ద్రవప్రవాహం అనే అధ్యాయాన్ని వంటింట్లోనే చదువుకోవచ్చు. పైగా ఇక్కడ మార్కులు వేయడానికి ఎగ్జామినరు అక్కర్లేదు, నాలుకే వేస్తుంది.

సంగతేమిటంటే, ఈమధ్య కొందరి ఇళ్ళకు చిన్న ఎస్ప్రెసో యంత్రాలు వచ్చాయి. హైదరాబాదులో ఉంటున్న మా బావ కూడా ఒకటి కొన్నాడు. కొన్న ఆరునెలలకు ఆయన ఫిర్యాదు ఇది: గింజలవే, తూకమదే, మర అదే, మీట నొక్కే చెయ్యీ అదే. కానీ ఒకరోజు కప్పు అమృతం, మర్నాడు అదే కప్పులో ఒక పక్క చింతకాయ పులుపు, ఇంకో పక్క వేపచేదు. ఒకనాడు 36 గ్రాముల కాఫీ దిగడానికి 19 సెకన్లు పడితే మరునాడు 34. "యంత్రంలోనే ఏదో ఉందిరా, దీన్ని అమ్మేసి రెట్టింపు ధరలో ఇంకోటి కొంటా" అన్నాడు. మొన్న వేసవి సెలవులకు నేను వెళ్ళేసరికి మా అక్కకు ఆ కొత్త ధర మీద గట్టి అభిప్రాయమే ఏర్పడి ఉంది. నిజానికి లోపం యంత్రంలో లేదు. గిన్నెలో పొడి పరుచుకున్న తీరులో ఉంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వివరణ అనుకోండి.

ముందుగా ఎస్ప్రెసో అంటే ఏమిటో చెప్పుకోవాలి. మన పెళ్ళిళ్ళలో ఆ పేరున బోర్డు పెట్టి, ఇన్‌స్టంటు పొడి కలిపిన పాలను బుస్సుమని ఆవిరితో పొంగించి, పైన కోకో పొడి చల్లి ఇచ్చేది ఎస్ప్రెసో కాదు. దాన్ని నిందించడం లేదు, చలికాలపు పెళ్ళిలో నేనూ రెండు మూడు లాగించినవాణ్ణే. అసలు ఎస్ప్రెసో ఇటలీది. 1884లో టూరిన్ నగరంలో ఆంజెలో మొరియోండో ఆవిరి బలంతో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెద్జెరా ఒక్కొక్క కప్పుగా తీసే పద్ధతి కనిపెట్టాడు. అయితే ఆవిరి ఒత్తిడి ఒకటిన్నర, రెండు వాతావరణాలకు మించదు గనుక ఆ కాఫీ ఇప్పటిదాని వంటిది కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1948 ప్రాంతాల్లో అకిలే గాజియా స్ప్రింగు, మీట అమర్చి నీటిని గట్టిగా తోయించాడు. అప్పటినుంచి కాఫీ మీద బంగారు రంగు నురగ మొదలయింది. 1961లో వచ్చిన ఫయేమా ఇ-61 అనే యంత్రం ఆ పనిని విద్యుత్ పంపుకు అప్పగించింది. నేటి ఇంటి యంత్రాలు దాని వారసులే.

ఇప్పుడు లెక్కలు. మెత్తగా విసిరిన పొడి 18 గ్రాములు. దాన్ని అడుగున సన్నని చిల్లులున్న గిన్నెలో అదిమితే రూపాయి బిళ్ళను పెద్దది చేసినట్టు ఒక బిళ్ళ తయారవుతుంది. 93 డిగ్రీల ప్రాంతంలో ఉన్న నీటిని 9 బార్‌ల ఒత్తిడితో ఆ బిళ్ళ గుండా తోస్తే 25 నుంచి 30 సెకన్లలో సుమారు 36 గ్రాముల కాఫీ దిగుతుంది. 9 బార్‌లంటే 92 మీటర్ల నీటిమట్టం కింద ఉండే ఒత్తిడి. నాగార్జునసాగర్ ఆనకట్ట పునాది నుంచి 124 మీటర్లు, అందులో ముప్పావు ఎత్తన్నమాట. అంత బరువును మోయవలసింది ఒకటిన్నర సెంటీమీటరు మందం కూడా లేని పొడి బిళ్ళ. తేడా ఎక్కడ రాగలదో మీరే ఊహించవచ్చు.

కాఫీలో ఏం జరుగుతుందో కూడా కొంచెం చూడాలి. వేయించిన గింజలో నీళ్ళలో కరిగేది సుమారు 30 శాతం. తక్కినది కట్టెపీచు. కరిగేదంతా కప్పులోకి దింపుకుంటే బాగుండదు. 1950లలో అమెరికాలో లాక్‌హార్ట్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధన నుంచి 18 - 22 శాతం మధ్య దిగితే రుచి సమంగా ఉంటుందన్న లెక్క వాడుకలోకి వచ్చింది. పుల్లని పదార్థాలు తొందరగా కరుగుతాయి, తీపి తర్వాత, చేదూ వగరూ ఆలస్యంగా. తక్కువ దిగితే పులుపు, ఎక్కువ దిగితే చేదు. ఇంతవరకూ అందరూ చెప్పేదే.

అయితే మా బావ కప్పులో రెండూ ఉన్నాయి కదా! అదెట్లా? ఇక్కడే సగటు అనేది మోసం చేస్తుంది. బిళ్ళలో ఒక సగం నుంచి 14 శాతం, ఇంకో సగం నుంచి 26 శాతం దిగిందనుకుందాం. సగటు 20. సాధనంతో కొలిస్తే భేషైన కాఫీ. నాలుక మాత్రం సగటు తియ్యదు, అది పులుపునూ చేదునూ విడివిడిగానే పట్టుకుంటుంది. ఇటువంటి కప్పు చేతికి వచ్చినప్పుడు చాలామంది మర సన్నగా తిప్పాలా, దొడ్డుగా తిప్పాలా అని తికమకపడి రెండూ చేసి చూస్తారు. రెండింటివల్లా రోగం కుదరదు. ఎందుచేతనంటే అది మర రోగం కాదు, పరుపు రోగం.

దీనికి మూలసూత్రం 1856 నాటిది. ఫ్రాన్సులో డిజాన్ అనే ఊరికి మంచినీళ్ళు తెచ్చిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఆ ఊరి ఆసుపత్రిలో నిలువు గొట్టాల్లో ఇసుక పోసి, వాటి గుండా నీళ్ళు పారించి కొలిచాడు. ప్రవాహం ఒత్తిడి తేడాను బట్టీ అడ్డుకోత వైశాల్యాన్ని బట్టీ పెరుగుతుంది, ఇసుక మందాన్ని బట్టి తగ్గుతుంది, తక్కినదంతా ఆ ఇసుక నీటిని ఎంత సులువుగా పోనిస్తుందన్న ఒకే ఒక్క గుణకంలో ఇమిడి ఉంటుంది అన్నాడు. ఆ గుణకమే పారగమ్యత. భూగర్భజలాల శాస్త్రమంతా, మన బావుల లెక్కలతో సహా, దీనిమీద నిలబడింది. కాఫీ బిళ్ళ తడిసి ఉబ్బుతుంది, కరుగుతుంది, అణుగుతుంది గనుక సరిగ్గా ఇసుకలాగ ప్రవర్తించదు. అయినా మన అవసరానికి డార్సీ చాలు.

పారగమ్యత దేన్నిబట్టి మారుతుందో 1927లో కోజెనీ, 1937లో కార్మన్ తేల్చారు. పొడిలో గింజకూ గింజకూ మధ్య ఉన్న ఖాళీ వాటాను పాఠ్యపుస్తకాల్లో సచ్ఛిద్రత అంటారు. ఆ వాటా ఘనాన్ని, గట్టి పదార్థం వాటా వర్గంతో భాగించాలి. దయచేసి ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. బిళ్ళలో ఒక సగంలో ఖాళీ 40 శాతం, రెండో సగంలో 45 శాతం అనుకుందాం. మొదటిదానికి 0.064ను 0.36తో భాగిస్తే 0.178. రెండోదానికి 0.091ను 0.3025తో భాగిస్తే 0.301. అంటే రెండోది మొదటిదానికి సుమారు 1.7 రెట్లు! కంటికి కనపడని అయిదు శాతం తేడాకు నీళ్ళు 70 శాతం ఎక్కువగా పారుతున్నాయి. కప్పులో పడే 36 గ్రాముల్లో ఇరవై రెండున్నర వదులు సగం నుంచీ, పదమూడున్నర గట్టి సగం నుంచీ వస్తుంది. ఈ 40, 45 నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలే. కానీ ఘనం ఉన్నచోట చిన్న తేడా పెద్దదవుతుందన్నది మాత్రం ఏ అంకె తీసుకున్నా మారదు.

ఇది నాకు క్లాసులో కంటే చేలో ముందు తెలిసింది. మాది తెనాలి దగ్గర పల్లె. వరి కోశాక అదే నల్లరేగడిలో మొక్కజొన్న వేస్తాం. వరి నీళ్ళు ఆరాక ఆ నేల నెర్రెలు విచ్చుతుంది. నీళ్ళు కట్టినప్పుడు నీరు చేనంతా పాకకుండా మొదట దొరికిన నెర్రెలోకి దూరి, అక్కణ్ణించి ఇంకోదాంట్లోకి, అట్లా గట్టు కిందికీ పక్కవాళ్ళ చేలోకీ పోతుంది. ఇంజను గంటలకొద్దీ తిరుగుతుంది, డీజిలు అయిపోతుంది, మధ్యలో మొక్కలు మాత్రం ఒకచోట నీట మునిగి, ఒకచోట ఎండి నిలబడతాయి. "నీళ్ళు కట్టేది ఇంజనుతో కాదురా, పారతో" అనేవాడు మా నాన్న. నెర్రె కనపడిన చోటల్లా మన్ను లాగి, కాలితో తొక్కి, అప్పుడు వదిలేవాడు. బావ యంత్రం ముందు నించున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పారే. ఇంకా పెద్ద ఇంజను కొంటే నెర్రెలోకి నీళ్ళు ఇంకా జోరుగా పోతాయి తప్ప, చేను తడవదు.

చేనుకూ కాఫీకీ ఒక తేడా ఉంది. చేలో నెర్రె తడిసి ఉబ్బి క్రమంగా పూడుకుంటుంది. కాఫీ బిళ్ళలో గండి పడితే అది ఇంకా పెద్దదవుతుంది. జోరుగా పోయే నీరు అక్కడి పొడిని ఎక్కువగా కరిగిస్తుంది, సన్నని రేణువులను ఊడ్చుకుపోతుంది, దాంతో దారి ఇంకా వెడల్పవుతుంది, ఇంకా నీరు అటే పోతుంది. ముప్పై సెకన్ల పనిలో మొదటి అయిదారు సెకన్లలో ఈ తగువు తీరిపోతుంది. ఆ తర్వాత మనం చెయ్యగలిగింది లేదు. కాబట్టి మీట నొక్కకముందు చేసేదే పని.

గిన్నెలో ఈ ఎగుడుదిగుళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఒకటి, మర నోటి నుంచి పొడి ఒక పక్కకు గుట్టగా పడుతుంది. గుట్ట కింద పొడి తన బరువుకూ పడే ఊపుకూ అణుగుతుంది, పక్కన వదులుగా ఉంటుంది. రెండు, పొడిలో ఉండలు కడతాయి. ఇవి పైకి కనపడితే నయమే, గుట్టలో దాగితే ప్రమాదం. ఉండ లోపల గట్టి, ఉండల మధ్య సందు. మూడు, గిన్నె గోడ పక్కన. అక్కడ రేణువులు సరిగ్గా కుదురుకోవు గనుక నీరు గోడ వెంబడి జారిపోవడానికి ఎప్పుడూ కాచుకొని ఉంటుంది.

చాలామంది నమ్మకం ఏమిటంటే, ఇవన్నీ టాంపరు అనే దిమ్మతో గట్టిగా అదిమితే సర్దుకుంటాయని. సర్దుకోవు. ఒక గుట్ట, దాని పక్కన పల్లం ఉన్నప్పుడు పైన బల్లపరుపుగా అదిమామంటే, గుట్ట ఉన్నచోట ఎక్కువ పొడి తక్కువ ఎత్తులోకి కుదించబడింది, పల్లమున్నచోట తక్కువ పొడి అదే ఎత్తులో ఉంది. పైకి అద్దంలాగ కనపడుతుంది, లోపల తేడా అట్లాగే ముద్ర పడి ఉంది. పైగా బలం లెక్క చూడండి. 58 మిల్లీమీటర్ల గిన్నె వైశాల్యం 26 చదరపు సెంటీమీటర్లు. దానిమీద 9 బార్‌ల నీరు తోసే బలం సుమారు 240 కిలోల బరువుతో సమానం. మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు, అంటే మూడు బస్తాలు పైన పెట్టినట్టు. మనిషి చేత్తో అదిమేది పదిహేను కిలోలు, మహా అయితే ఇరవై. మూడు బస్తాలు రాబోతున్నప్పుడు ఇంకో అయిదు కిలోల కోసం భుజం నొప్పి పెట్టుకోవడంలో అర్థం లేదు. దిమ్మ చేసే ఉపకారమల్లా పొడిలోని గాలిని పోగొట్టడం, పైభాగాన్ని సమతలం చేయడం. దిమ్మను నిటారుగా పట్టడం మాత్రం ముఖ్యం. వాలితే బిళ్ళ ఒక పక్క పలచనవుతుంది, డార్సీ చెప్పినట్టు మందం తగ్గినచోటికే నీళ్ళు పోతాయి.

మరి చేయవలసిందేమిటి? అదిమేముందు పొడిని అడుగు దాకా కలపడం. 2005లో జాన్ వైస్ అనే అమెరికన్ ఔత్సాహికుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పెరుగు డబ్బా అడుగు కోసి గిన్నెకు గరాటుగా పెట్టి, సన్నని సూదితో పొడిని కలియబెట్టాడు. అంతే. ఆయన ఇంటిపేరుతోనే ఆ పద్ధతిని ప్రపంచమంతా పిలుస్తోంది. వేలకు వేలు పోసి కొన్న పరికరాలు చేయలేనిది పెరుగు డబ్బా చేసిందంటే, నావంటివాడికి సంతోషంగా ఉండదా మరి!

సూది విషయంలో ఒక జాగ్రత్త. జువాలజీ ప్రాక్టికల్సులోని డిసెక్షన్ సూది పనికొస్తుందని మిత్రులు అంటారు. పనికిరాదని కాదు, కానీ అది లావు. లావు పుల్లతో తిప్పితే పొడి కలవదు, నాగలి చాలు తీసినట్టు గాడి పడి, ఆ గాడి గట్ల మీద పొడి పోగవుతుంది. 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల తీగ కావాలి. ఆక్యుపంక్చరు సూదులు సరిపోతాయి. గిటారు రెండో తీగ కూడా దాదాపు అదే మందం. నేను సీసా బిరడా ఒకటి తీసుకొని, అందులో ఆరు సూదులు, కొసలు కొద్దిగా విచ్చుకొనేటట్టు గుచ్చాను. మొత్తం ఖర్చు ఒక ప్లేటు ఇడ్లీ ధరకు మించలేదు. సూదుల కొసలు గిన్నె అడుగును తాకేంత పొడుగు ఉండాలి, ఇది మరవకూడదు.

కలపడమూ ఒక పద్ధతి ప్రకారం చేయాలి. గిన్నె మీద గరాటు పెట్టి పొడి వేశాక, మొదట సూదులను అడుగుదాకా దించి చిన్న చిన్న సున్నాలు చుడుతూ గిన్నెంతా తిరగాలి. గోడ పక్క వదిలిపెట్టకూడదు. తర్వాత సగం ఎత్తుకు లేపి అట్లాగే తిరగాలి. చివరికి పైపైన దువ్వినట్టు సమం చెయ్యాలి. అడుగున మొదలుపెట్టి పైకి రావడమే కీలకం, ఎందుకంటే పైన కలిపి కిందికి పోతే మళ్ళీ పైది చెడుతుంది. పదిహేను ఇరవై సెకన్ల పని. అయ్యాక గిన్నెను బల్లమీద ఒక్కసారి మెల్లగా తట్టి, దిమ్మతో నిటారుగా అదిమి ఆపెయ్యాలి. అదిమిన తర్వాత గిన్నె అంచును దిమ్మతో టకటక కొట్టే అలవాటు కొందరికి ఉంది. బిళ్ళ గోడ నుంచి విడిపోయి సందు ఏర్పడుతుంది. మనమే గట్టుకు గండి కొట్టినట్టు.

పైన పెట్టి గుండ్రంగా తిప్పితే పొడిని చదును చేసే రెక్కల బిళ్ళలు కూడా అమ్ముతున్నారు. చూడముచ్చటగా ఉంటాయి. అవి పై రెండు మూడు మిల్లీమీటర్లే చదును చేస్తాయి, అడుగున ఏముందో వాటికి తెలియదు. నన్నడిగితే అవి దమ్ము చెయ్యని మడిమీద పైపైన నీళ్ళు పెట్టి చదునయిందనుకోవడం వంటివి.

ఉండలు అసలు ఎందుకు కడతాయన్న ప్రశ్నకు జవాబు స్థిరవిద్యుత్తులో ఉంది. గింజ మరలో పగిలేటప్పుడు, రేణువులు రాపిడి పడేటప్పుడు వాటికి విద్యుదావేశం వస్తుంది. కొన్నిటికి ధనం, కొన్నిటికి ఋణం. అందుకే సన్నపొడి కొంత మర నోటికి అంటుకుంటుంది, కొంత ఉండలవుతుంది. విసిరేముందు గింజల మీద రెండు చుక్కల నీళ్ళు చల్లి కలిపితే ఇది తగ్గుతుందని కాఫీ ప్రియులు చాలాకాలంగా చేస్తూనే ఉన్నారు. 2023 డిసెంబరులో ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన మెండెజ్ హార్పర్, హెండన్ మొదలైనవారు 'మాటర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన దీన్ని ప్రయోగపూర్వకంగా చూపింది. గింజల్లో తేమ పెరిగితే ఆవేశం తగ్గుతుంది, ఉండలూ తగ్గుతాయి, కాఫీ చిక్కగానూ ఒకే రకంగానూ దిగుతుంది. ఆ పరిశోధకుల్లో అగ్నిపర్వతాల బూడిదలో మెరుపులెట్లా పుడతాయో చదివినవారు కూడా ఉండటం నాకు ముచ్చటేసింది. చెంచా కాడను నీళ్ళలో ముంచి గింజల్లో తిప్పితే సరిపోతుంది. ఎక్కువయితే మర పళ్ళకు తుప్పు పడుతుంది, జాగ్రత్త.

అదే పత్రికలో 2020 జనవరిలో వచ్చిన ఇంకో వ్యాసం కూడా చెప్పుకోవాలి. పొడి ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ దిగుతుందని లెక్క ప్రకారం అనుకుంటాం. ప్రయోగంలో ఒక హద్దు దాకానే అట్లా జరిగింది, ఇంకా సన్నగా విసిరితే దిగేది తగ్గడం మొదలుపెట్టింది. నీరు అంతటా పారలేక కొన్నిచోట్ల ఆగిపోతోందని వాళ్ళు వివరించారు. పొడి కొంచెం దొడ్డుగా, 20 గ్రాములకు బదులు 15 గ్రాములు వాడితే, కప్పు తర్వాత కప్పు ఒకే మాదిరిగా వస్తుందని కూడా చూపించారు. కాబట్టి కాఫీ జోరుగా దిగుతోందని మర బిగించుకుంటూ పోయేవాళ్ళు ఒక్కక్షణం ఆగాలి. గండి పడి జోరుగా దిగుతుంటే, మర బిగించినకొద్దీ తక్కిన చోట్ల దారులు మూసుకుపోయి, గండి మరింత గండి అవుతుంది. ముందు పరుపు, తర్వాత మర.

బావ యంత్రం దగ్గర నేను చేసిందల్లా ఇదే క్రమం. మరను ముట్టుకోనివ్వలేదు. పదిరోజులపాటు ప్రతి కప్పుకూ పొడి తూకం, దిగిన కాఫీ తూకం, సెకన్లు ఒక నోటుపుస్తకంలో రాశాం. సూదులతో కలపడం మొదలయ్యాక సెకన్ల ఊగిసలాట రెండు మూడు సెకన్లలోకి వచ్చింది. అప్పుడుగానీ మర ఎటు తిప్పాలన్నది తేల్చుకోవడం కుదరలేదు. కొత్త యంత్రం మాట మళ్ళీ ఎత్తలేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, నాకు మనసులో గుచ్చుకొనేది ఇంకోటుంది. 18 గ్రాములంటే సుమారు 130 గింజలు. పండుకు రెండు గింజల చొప్పున అరవై డెబ్బై పళ్ళు. మన అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు కాఫీ పండిస్తారు. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెట్టుమీద పళ్ళన్నీ ఒక్కసారి పండవు. ఎర్రబడ్డవి మాత్రం ఏరి ఏరి చేత్తో కొయ్యాలి, మళ్ళీ కొన్నాళ్ళకు అదే చెట్టు దగ్గరికి రావాలి. ఐదారు కిలోల పళ్ళకు కిలో గింజలు. ఇంత పడి వచ్చిన పంటను పావుకిలో పొట్లంగా కొంటే పద్నాలుగు కప్పులు కూడా సరిగ్గా రావు. అందులో నాలుగైదు సింకు పాలయితే, కొన్నవాడికి విసుగే. పంట ఇంట్లోంచి వచ్చినవాడికి మాత్రం ఆ చప్పుడు వేరేగా వినబడుతుంది. పంట తెగులుతో పోవడం ఒకటి, వానతో పోవడం ఒకటి. గుమ్మం దాటి గిన్నెలోకి వచ్చాక పరుపు సరిగా లేక పోవడమేమిటి!

ఫలితాన్ని పరీక్షించేవారికి ఒకటి రెండు మాటలు. దశాంశం గ్రాము చూపే చిన్న తూనిక తప్పనిసరి, చెంచాల లెక్క ఇక్కడ చెల్లదు. ఒకే పొడి తూకానికి ఒకే కాఫీ తూకం దిగేదాకా పట్టే సెకన్లు వరుసగా పది కప్పులకు రాయండి. సగటుకన్నా వాటి మధ్య చెదురును చూడండి. అడుగు కోసేసిన పోర్టాఫిల్టరు దొరికితే ఇంకా మంచిది. గిన్నె కింది భాగం కళ్ళెదుట ఉంటుంది. పరుపు బాగుంటే గోధుమరంగు చుక్కలు అడుగంతా ఒకేసారి పుట్టి, మధ్యకు చేరి ఒకే ధారగా దిగుతాయి. గండి పడితే ఒకచోట తెల్లగా పాలిపోయిన ధార, లేదా చొక్కా మీదికి చివ్వున చిమ్మే పిచికారీ. తీసి పారేసిన బిళ్ళను చూసి జాతకం చెప్పేవాళ్ళున్నారు గానీ, యంత్రం ఆపగానే ఒత్తిడి వెనక్కి విడుదలయి పైభాగం చెదురుతుంది గనుక, దాన్ని నేను సాక్ష్యంగా ఒప్పుకోను. యంత్రంలో మొదట తక్కువ ఒత్తిడితో పొడిని తడిపి, తర్వాత పూర్తి ఒత్తిడి ఇచ్చే వీలుంటే వాడుకోండి. పొడి తడిసి ఉబ్బి చిన్న చిన్న సందులను తానే పూడ్చుకుంటుంది. అయితే ఇవేవీ పాతబడిన గింజలను బాగుచెయ్యలేవు. చల్లబడిన యంత్రాన్నీ, పళ్ళు అరిగిన మరనూ కూడా అంతే.

యంత్రం లేనివాళ్ళం, అంటే హాస్టలు వాళ్ళం అందరం, ఇంటికి వెళ్ళినప్పుడు డికాక్షను ఫిల్టరు మీద దీన్ని చూడవచ్చు. పై గిన్నెలో గొడుగులాంటి చిల్లుల బిళ్ళ ఒకటి ఉంటుంది. అది పొడిని అదమడానికని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని మరుగునీళ్ళ ధార తిన్నగా పొడిమీద పడి గుంట చెయ్యకుండా కాయడం. ఒకరోజు పొడి గుట్టగా వేసి, గొడుగు తీసేసి, ఒకేచోట ధారగా పొయ్యండి. మరునాడు అదే తూకం పొడిని సమంగా సర్ది, గొడుగు పెట్టి, దానిమీద మెల్లగా పొయ్యండి. రెండు డికాక్షన్లనూ గాజుగ్లాసులో వెలుతురుకు పట్టి చూడండి, తర్వాత అంతే పాలల్లో కలిపి తాగి చూడండి. అక్కడ నీటి ఎత్తు పది సెంటీమీటర్లు, ఒత్తిడి బార్‌లో నూరో వంతు. అంచేత ఫిల్టరుకు సూదులు అక్కర్లేదు, చెంచా వెనకభాగంతో సర్దితే చాలు.